కేసెట్ పెట్టెలో కొసైన్ లెక్క

ఎనభైల్లో మా పెదనాన్న మద్రాసు బర్మా బజార్‌లో వీసీఆర్ కొన్నాడు. "బూతు బొమ్మలే లేకపోతే ఈ డబ్బా ఎవడు కొనేవాడురా!" అని పెద్దమ్మ వంటింట్లో ఉన్నప్పుడు మాత్రమే అనేవాడు.

ఆ మాటలో సగం నిజముంది. పోటీపడ్డ రెండు కేసెట్ పద్ధతుల్లో సోనీ బీటామాక్స్ 1975లో, జేవీసీ వీహెచ్ఎస్ 1976లో వచ్చాయి. బూతు సినిమాలవాళ్లు మొగ్గు చూపబట్టే వీహెచ్ఎస్ గెలిచిందన్న కథ మాత్రం నాకు మింగుడుపడదు. మొదట్లో బీటా కేసెట్‌లో గంటే పట్టేది, వీహెచ్ఎస్‌లో రెండు గంటలు. గంటలో ఏ సినిమా అయిపోతుంది? మన సినిమా అయితే ఇంటర్వెల్ కూడా రాదు! పైగా జేవీసీ తన పద్ధతిని మిగతా కంపెనీలకూ ఇచ్చింది.

బూతు చేసిన పని వేరు. తలుపేసుకుని చూడొచ్చంటే, ధర ఎక్కువున్నప్పుడు కూడా కొనేవాళ్లు దొరికారు. ఫ్రాన్స్‌లో 1982లో మొదలైన, ఫోన్ లైన్ మీద నడిచే మినిటెల్ తెరలకూ శృంగార కబుర్లు బాగానే సంపాదించిపెట్టాయి.

మరి ఫోన్‌లోకి బొమ్మ దూరిందెలా? అది లెక్కల చలవ. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ 1972లో, బొమ్మను కొసైన్ అలలుగా విడగొట్టి రాసే లెక్క ఆలోచనకు అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ను డబ్బడిగితే ఇవ్వలేదు. 1974లో నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి ప్రచురించాడు. ఈ రావుగారు మన గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన కామిశెట్టి రామమోహనరావు. ఇంటిపేరు వినగానే చెవులు నిక్కుతాయి కదా!

ఫొటోలను చిన్న ఫైలుగా కుదించే 1992 నాటి జేపెగ్ పద్ధతి ఆ లెక్కతోనే నడుస్తుంది. బొమ్మను అటు 8, ఇటు 8 చుక్కల ముక్కలుగా కోస్తుంది. ముక్కలోని 64 చుక్కల వెలుగును 64 అలల కలయికగా రాస్తుంది. పెద్ద అలలు నెమ్మదిగా మారే వెలుగునీడలు, చిన్నవి సన్నని గీతలు, నలుసులు. కంటికి అంతగా ఆనని చిన్న అలల్ని మోటుగా కొలిస్తే చాలావరకు సున్నాలవుతాయి. ఫైలు చిక్కిపోతుంది.

ఇలాంటి కుదింపు పద్ధతుల్ని దేనిమీద పరీక్షించేవారు? 1973లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మనిషి ముఖమున్న నిగనిగలాడే బొమ్మ కోసం వెతుకుతుంటే, ఎవరో ప్లేబాయ్ పత్రిక పట్టుకొచ్చారు. నడిమి పేజీలోని నగ్నచిత్రం పైభాగం చించి, ముఖమూ భుజమూ వరకే స్కాన్ చేశారు. 512 చుక్కలు అటు, 512 ఇటు. అదే 'లెనా' బొమ్మ. దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాల్లో, పరిశోధన పత్రాల్లో అదే ముఖం. ఆ బొమ్మ ఉన్న పత్రాలను ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంఘంలోని కంప్యూటర్ సొసైటీ 2024 ఏప్రిల్ 1 నుంచి తీసుకోవడం మానేసింది.