మలక్‌పేట గుర్రప్పందేల మైదానానికి ఉన్న మినహాయింపు మీ ఫోనుకు లేదు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ వస్త్రలతలో బట్టల దుకాణం నడిపే ఒక పెద్దమనిషి గత వారం గవర్నర్‌పేటలోని మా లాయరు ఆఫీసుకు వచ్చారు. చేతిలో సుప్రీంకోర్టు తీర్పు ప్రింటు, వాక్యాల కింద ఎర్ర గీతలు. ఒక ఏజెంటు ద్వారా ఫోనులో గుర్రప్పందేలు కాశారట. బ్యాంకు ఖాతా ఆగిపోయి పదకొండు రోజులు, పనివాళ్లకు జీతాలు లేవు. "గుర్రప్పందెం జూదం కాదని సుప్రీంకోర్టే అన్నది కదండీ" అంటుంటే ఆయన గొంతు వణికింది. ఈ మాట వినీ వినీ విసిగిపోయి ఇది రాస్తున్నాను.

అపోహ: గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట, కాబట్టి ఫోనులో కాయవచ్చు.

తీర్పు నిజమే. మద్రాసు రేస్ క్లబ్బును తమిళనాడు ప్రభుత్వం స్వాధీనం చేసుకోబోతే వచ్చిన లక్ష్మణన్ కేసులో, 1996లో ఇచ్చారు. అక్కడ కోర్టు ముందున్నది క్లబ్బు ఆవరణలో కాసే పందెం. మన ఆంధ్రప్రదేశ్ 1974 గేమింగ్ చట్టం కూడా గుర్రప్పందేన్ని మినహాయిస్తూ షరతులు పెట్టింది: రేసు జరిగే రోజే కాయాలి, ప్రభుత్వ అనుమతితో స్టీవార్డులు (రేసును పర్యవేక్షించే అధికారులు) కేటాయించిన ఆవరణలోనే కాయాలి, లైసెన్సున్న బుకీతో గాని టోటులో (మైదానంలోని పందెపు లెక్కల యంత్రం, టోటలైజేటరు) గాని కాయాలి. బీసెంట్ రోడ్డులో నిలబడి తెర మీద నొక్కితే ఇవి ఎలా నెరవేరతాయి? పైగా 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమైతే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల విషయంలో నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే తీసేసింది.

లా చదివే రోజుల్లో మా మేనమామ నన్ను ఒకసారి మలక్‌పేట తీసుకువెళ్లారు. టోటు కిటికీలోంచి ఆయన చేతికి వచ్చిన చిన్న టిక్కెట్టు ఇప్పటికీ గుర్తుంది: రేసు నంబరు, గుర్రం నంబరు, కాసిన మొత్తం. తేడా వస్తే అడగడానికి ఆ కిటికీ అక్కడే ఉంటుంది. మా పెద్దమనిషి ఫోనులో చూస్తే ప్రతిసారీ కొత్త యూపీఐ ఐడీ. ఒకసారి కిరాణా దుకాణం పేరు, ఇంకోసారి ఎవరో ఒకావిడ పేరు. గెలుపు సొమ్మూ అలాంటి ఖాతా నుంచే వచ్చింది. ఆ ఖాతాలో పడిన డబ్బు వేరే రాష్ట్రంలో మోసపోయిన మనిషిది. అతను సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేశాడు, పోలీసులు డబ్బు జాడ పట్టుకుని ఈయన ఖాతా ఆపించారు.

ఇలాంటి స్థితిలో ఉన్నవారు హడలిపోకండి. ఫిర్యాదు నంబరు, ఏ పోలీసు స్టేషను, ఎంత మొత్తం అన్నవి బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. వివాదంలో ఉన్న మొత్తాన్నే ఆపి మిగిలింది వదలమని దర్యాప్తు అధికారికి, ఆయన వినకపోతే కోర్టుకు అర్జీ పెట్టుకోవచ్చు. అమ్మకాల బిల్లులు, జీఎస్టీ రిటర్నులు జతచేయండి. ఏజెంటు పంపిన సందేశాలు భయంతో చెరిపేయకండి, అవే మీకు ఆధారం.

అపోహ: గెలుపు సొమ్ము ఎగ్గొడితే దావా వేయవచ్చు.

వేయలేరు. కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. అందులో గుర్రప్పందేలకు మినహాయింపు ఉందని కొందరు చూపిస్తారు. అది రేసు గెలిచినవారికిచ్చే 500 రూపాయలు, ఆపై బహుమతి కోసం పోగుచేసే చందాల గురించి.

అపోహ: ఆడేవారికి శిక్ష లేదు.

కేంద్ర చట్టం నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పెట్టి ఆడేవారిని వదిలింది. రాష్ట్ర చట్టం వదలలేదు, ఆరు నెలల వరకు జైలు ఉంది.

అపోహ: మొత్తం మీద నష్టపోయాం కాబట్టి పన్ను లేదు.

రేసు గెలుపు మీద 30 శాతం, దానిపై సెస్సు. ఓడిన డబ్బు అందులోంచి తీసివేయనివ్వరు.

మా పెద్దమనిషి అర్జీ నిన్న పంపాం. ఆయన మా బల్ల ముందు కూర్చుని ఉండగానే ఆ ఏజెంటు నుంచి మళ్లీ సందేశం వచ్చింది: పదివేలు పంపితే ఖాతా విడిపిస్తాడట. పంపవద్దని చెప్పి, దాన్ని కూడా ఫొటో తీసి అర్జీకి జతచేశాను.