పప్పన్నంతో కండ రాదా? మా జిమ్‌లో రోజూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

కార్తీకం వచ్చిందంటే మహబూబ్‌నగర్‌లోని మా జిమ్‌లో చాలామంది నల్ల బట్టల్లో కనిపిస్తారు. మాల వేసుకున్న నాలుగైదు రోజులకే టెన్షన్ మొదలవుతుంది. "స్వామీ, చేతులు సన్నబడుతున్నయి. నలభై ఒక్క రోజులు చికెన్ లేకుంటే ఉన్న కండ కూడా పోతది గదా?" మండలం పూర్తయ్యేసరికి కొందరు నిజంగానే రెండు మూడు కిలోలు తగ్గి వస్తారు. ఇంకేముంది, కూరగాయలు తింటే ఒళ్లు నిలవదన్న మాట జిమ్ అంతా తిరుగుతుంది. అది విని అసలు బాధపడేది వీళ్లు కాదు. పుట్టినప్పటి నుంచి మాంసం ముట్టని ఇళ్ల పిల్లలు. నారాయణపేట, మక్తల్ దిక్కు లింగాయత్ ఇళ్ల నుంచి వచ్చి ఇక్కడ చదువుకునేవాళ్లు నా దగ్గర ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు ఈ మాట వింటే ప్రాణం ఉసూరుమంటుంది.

మాలలో ఉన్నప్పుడు ఏం జరుగుతుందో చూడండి. మధ్యాహ్నం ఒక్క భిక్ష, రాత్రి అల్పాహారం. తెల్లవారుజామున లేచి చన్నీటి స్నానం, రాత్రి భజన, నిద్ర తక్కువ. జిమ్‌కు వచ్చేది వారంలో ఒకటో రెండో రోజులు. మూడు పూటలా తినే మనిషి తిండి సగానికి పడిపోయింది, బరువులెత్తడం కూడా తగ్గింది. ఆ స్థితిలో భిక్షలో చికెన్ పెట్టినా ఆ మనిషి తగ్గుతాడు. నింద మాత్రం పప్పు మీద పడుతుంది.

అపోహ: మాంసం, గుడ్డు లేకుండా కండ పెరగదు.

వాస్తవం: కండకు కావలసింది ప్రోటీన్, తగినంత తిండి, క్రమంగా పెరిగే బరువులు, నిద్ర. ఆ ప్రోటీన్ మేక నుంచి వచ్చిందా, బర్రె పాల నుంచి వచ్చిందా అని కండ చూడదు. 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున బరువులెత్తిన కెండ్రిక్ ఫ్యారిస్ అప్పటికి పాలు కూడా ముట్టేవాడు కాదు. మనకు పాలు, పెరుగు, పనీర్ ఉన్నాయి.

ఇక లెక్కకు వస్తాను. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు పెద్ద మనిషికి నాణ్యమైన ప్రోటీన్ కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు సరిపోతుంది. బరువులెత్తి కండ పెంచుకోవాలంటే దానికి దాదాపు రెట్టింపు, కిలోకు 1.6 గ్రాములు పెట్టుకోవచ్చు. అంటే 52 కిలోల పిల్లవాడికి రోజుకు 83 గ్రాములు.

ఇప్పుడు మన వంటింట్లో ఏముందో చూద్దాం. యాభై గ్రాముల పల్లీలలో 12 గ్రాములు. అర లీటరు బర్రె పాలలో సుమారు 18. అరవై గ్రాముల కందిపప్పులో, అంటే వండకముందు తూకం వేస్తే, 13. యాభై గ్రాముల శనగలు నానబెట్టి గుడాలు చేసుకుంటే 9. ముప్ఫై గ్రాముల మీల్ మేకర్‌లో 15. ఇక్కడికే 67 అయ్యాయి. రోజు మొత్తంలో తినే అన్నం, జొన్నరొట్టె కలిపి పావు కిలో బియ్యం, పిండి అనుకుంటే అందులో ఇంకో 22. మొత్తం 89. పెరుగు, పుట్నాల చట్నీ ఇంకా లెక్కలోకి రాలేదు. ఈ పాలు, పల్లీలు, పప్పు, శనగలు, మీల్ మేకర్ అన్నీ కలిపినా రోజుకు వంద రూపాయల లోపే. పల్లి కోసం మనం ఎక్కడికీ పోనక్కర్లేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల దిక్కు యాసంగిలో పండే పంటే అది. పప్పుకు పేరున్న తాండూరు పక్కనే ఉంది. అక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంత దగ్గర ఇన్ని పెట్టుకుని పౌడర్ డబ్బాల వెంట పరుగెత్తడం చూస్తే నాకు కడుపు మండుతుంది.

అన్నంలో, పప్పులో ఉండేది సగం ప్రోటీనేనని కొందరు వాదిస్తారు. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతుంది. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, పప్పులో అది బాగా ఉంటుంది. పప్పులో తక్కువపడే మిథియోనిన్ అనే ఇంకో ముక్క బియ్యంలో, నువ్వుల్లో దొరుకుతుంది. రెండూ ఒకే కంచంలో కలవాలని కూడా లేదు, రోజు మొత్తంలో అందితే చాలు. శాకాహారికి ఉన్న అసలు ఇబ్బంది ఇంకోటి. మన ప్రోటీన్ పీచుతో, పిండితో కలిసి వస్తుంది కాబట్టి తొందరగా కడుపు నిండుతుంది. అందుకే ముందే ఆలోచించుకుని తినాలి. ఆకలైనప్పుడు దొరికింది తింటే లెక్క తప్పుతుంది.

అపోహ: "మస్తు తింట అన్నా, ఒంటికి పట్టది."

ఇదే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట. ఈ మాట చెప్పని బక్క పిల్లవాడిని నేను ఇంతవరకు చూడలేదు. అమ్మలు కూడా ఇదే చెబుతారు. "మావోనికి ఎంత పెట్టినా ఒంటికి పట్టది సార్, వాని తండ్రి గూడ గంతే" అని కళ్లలో నీళ్లు పెట్టుకుంటారు. వాళ్ల ప్రేమను శంకించను. కానీ పిల్లవాడు నిజంగా ఎంత తింటున్నాడో ఎవరూ కొలవలేదు.

అందుకే చేరిన మొదటి వారంలోనే ఒక నోటుబుక్ ఇచ్చి, మూడు రోజులు నోట్లో పెట్టుకున్న ప్రతిదీ రాయమంటాను. డిగ్రీ చదివే ఒకతను రాసుకొచ్చింది ఇది: పొద్దున ఛాయ్, పది గంటలకు మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం హాస్టల్‌లో అన్నం, పప్పుచారు, సాయంత్రం ఛాయ్‌తో రెండు మిర్చీలు, రాత్రి అన్నం, వంకాయ కూర, మజ్జిగ. అతని లెక్కలో ఇది చాలా తిండి. మధ్యాహ్నం కంచం నిండా అన్నం పెట్టుకున్నాడు కాబట్టి అలా అనిపిస్తుంది. హాస్టల్ పప్పుచారులో పప్పు ఎంతుంటుందో మనకు తెలుసు, గరిటె అడుగుకు తగిలితే అదృష్టం. గట్టి పప్పు ఒక గిన్నెడు తింటే ఆరేడు గ్రాముల ప్రోటీన్ వస్తుంది, ఆ పల్చటి చారులో అందులో సగం కూడా ఉండదు. రోజంతా కలిపి అతనికి నలభై గ్రాములు దాటలేదు. పైగా రోజూ కాలేజీకి నడక, సాయంత్రం క్రికెట్. ఒంటికి పట్టడానికి ఏం మిగులుతుంది?

అతనికి నేను పెద్ద డైట్ చార్ట్ ఏమీ ఇవ్వలేదు. జేబులో వేయించిన పల్లీలు, బెల్లం ముక్క. సాయంత్రం మిర్చీల బదులు గుడాలు. రాత్రి పడుకునే ముందు పెద్ద గ్లాసు పాలు. హాస్టల్ అన్నంలో ఇంటి నుంచి తెచ్చుకున్న నెయ్యి, పుట్నాల పొడి. తినేముందు కడుపు నిండా నీళ్లు, మజ్జిగ తాగవద్దన్నాను. రోజూ తినేదానికి పైన మూడు నాలుగు వందల క్యాలరీలు చేరితే చాలు. గుప్పెడు పల్లీలు, పెద్ద చెంచా నెయ్యితోనే అది అయిపోతుంది. పప్పులు, మీల్ మేకర్ ఒక్కసారిగా పెంచితే గ్యాస్ పడుతుంది, కాబట్టి నానబెట్టి, కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. ఆ పిల్లవాడు నెలకు కిలో చొప్పున పెరుగుతూ వచ్చాడు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు అదే మంచి వేగం. దానికంటే గబగబా పెరిగితే అందులో ఎక్కువ భాగం పొట్టే.

అపోహ: పౌడరో గోళీలో వాడితే తొందరగా పెరుగుతాం.

పై రెండు అపోహలు మనిషిని చివరికి తెచ్చి నిలబెట్టేది ఇక్కడే. శాకాహారికి కండ రాదు, ఎంత తిన్నా ఒంటికి పట్టదు, ఇంక మందే గతి అనుకుంటాడు. పెళ్లికి రెండు నెలలుందనగా వచ్చేవాళ్లు ముఖ్యంగా ఈ గుంతలో పడతారు. ఫొటోల్లో బక్కగా కనిపిస్తాననే దిగులు చిన్నది కాదు, అది నాకు అర్థమవుతుంది.

మాస్ గెయినర్, అంటే బరువు పెంచుతుందని అమ్మే పౌడర్, దాని డబ్బా మీద లేబుల్ చదవండి. చాలావాటిలో వందకు డెబ్బై వంతులు మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటి పిండి పదార్థమే, ప్రోటీన్ పదిహేనో ఇరవయ్యో. వేలు పోసి కొనే ఆ పిండి పదార్థం మన ఇంట్లో అన్నం రూపంలో ఉంది. వే ప్రోటీన్ వేరు. అది పాల విరుగుడు నుంచి తీసిందే, శాకాహారులు తీసుకోవచ్చు, డబ్బు ఉంటే సౌకర్యం. అయితే భోజనం సరిగా లేకుండా అదొక్కటే తాగడం, నీళ్లు కట్టని చేనుకు ఎరువు చల్లినట్టే.

గోళీల సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. బరువు పెంచుతామని చేతిలో పెట్టే పేరులేని పొట్లాలలో చాలాసార్లు ఉండేవి రెండు. ఒకటి సైప్రోహెప్టాడిన్, అలర్జీకి ఇచ్చే మందు, ఆకలి పెంచుతుంది, మత్తు కూడా వస్తుంది. రెండోది డెక్సామెథాసోన్, ఇది స్టెరాయిడ్. డాక్టర్ అవసరాన్ని బట్టి రాసినప్పుడు ప్రాణాలు నిలిపే మందే. దాన్ని బరువు కోసం మింగితే ఒంట్లో నీరు చేరుతుంది, బుగ్గలు ఉబ్బుతాయి, పొట్ట వస్తుంది. తూకంలో అంకె పెరుగుతుంది కాబట్టి పనిచేసిందనుకుంటారు. లోపల షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు బలహీనమవుతాయి. అన్నిటికంటే ఘోరం, చేతుల్లో, తొడల్లో ఉన్న కండ కరుగుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ముఖం గుండ్రంగా నిండి ఉంది. ఇంట్లోవాళ్లు మంచిగైనాడని సంతోషపడుతున్నారు. ఖాళీ రాడ్‌తో స్క్వాట్ చేయమంటే కిందికి కూర్చున్నవాడు లేవలేకపోయాడు. గట్టిగా అడిగితే జేబులోంచి పొట్లం తీశాడు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. మీలో ఎవరైనా ఇవి వారాల తరబడి వాడుతుంటే, ఇది చదివి భయపడి ఒక్కసారిగా మానకండి. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించేస్తుంది. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పొట్లం చేతిలో పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎలా తగ్గించాలో ఆయనే చెబుతారు. దాచవద్దు. మిమ్మల్ని ఎవరూ తిట్టరు, తిట్టినా ఫర్వాలేదు.

అపోహ: రోజూ మూడు గంటలు చేస్తేనే కండ.

వారానికి మూడు రోజులు, గంట చొప్పున చాలు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్, రోయింగ్, భుజాల ప్రెస్. ఒక్కో విడతకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు (రెప్స్), అలాంటి విడతలు (సెట్లు) మూడు, ఎంత ఎత్తారో నోటుబుక్‌లో రాయాలి. పన్నెండు సులువుగా వస్తే రెండున్నర కిలోలు పెంచాలి. ఆరు నెలలుగా అదే డంబెల్‌తో అద్దం ముందు బైసెప్స్ చేసేవాళ్లు ఏం తిన్నా లాభం లేదు. రాత్రి ఫోన్ పక్కన పెట్టి ఏడెనిమిది గంటలు పడుకోవాలి.

అపోహ: ఫ్లోరైడ్ ఊరి పిల్లలు బరువులెత్తితే ఎముకలు విరుగుతాయి.

నల్గొండలో పనిచేసినప్పుడు మర్రిగూడ, నాంపల్లి మండలాల తల్లిదండ్రులు ఇది అడిగేవారు. దీన్ని పుకారు అని కొట్టిపారేయను. నడుము వంగిపోయిన పెద్దలను ఇంట్లోనే చూసి పెరిగినవాళ్ల భయం అది. మెడ, వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోతుంటే, పొద్దున లేవగానే నొప్పులుంటే, ముందు ఎముకల డాక్టర్‌కు చూపించాలి. అలాంటివేమీ లేని పిల్లలు తక్కువ బరువుతో, పద్ధతిగా మొదలుపెట్టవచ్చు. బరువులెత్తడం ఎముకలకు బలమే. పాలు, రాగులు, నువ్వులు వదలకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సోయా తింటే మగవాళ్లకు ఆడ లక్షణాలు రావు, మామూలుగా తినే మోతాదుతో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గదు. కండ బలానికి జిమ్‌లో వాడే క్రియాటిన్ పౌడర్ స్టెరాయిడ్ కాదు. మాంసాహారంలో సహజంగా ఉండేది కాబట్టి శాకాహారుల కండరాల్లో తక్కువుంటుంది. ఆరోగ్యవంతులు రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకోవచ్చు, కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్‌ను అడగకుండా వద్దు. జిమ్ మానేస్తే కండ కొవ్వుగా మారదు. రెండూ వేరు వేరు కణజాలాలు. బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుందన్నది వట్టి మాట. రాత్రి పెరుగు తినండి, ఏమీ కాదు. అమ్మాయిలు బరువులెత్తితే మగవాళ్లలా తయారవరు, అందుకు కావలసిన హార్మోన్ వాళ్లలో చాలా తక్కువ. శాకాహారులు ఏడాదికోసారి బి12, విటమిన్ డి చూపించుకోండి. నీరసం, చేతుల్లో తిమ్మిర్లు ఉంటే ఆలస్యం చేయవద్దు.

ఒక విషయంలో మాత్రం నా దగ్గరికి కాదు, ముందు దవాఖానకే వెళ్లాలి. మొదటి నుంచీ బక్కగా ఉండటం వేరు, ఉన్నట్టుండి బక్కచిక్కడం వేరు. బాగా తింటున్నా బరువు పడిపోతుంటే, రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, అతిగా దాహం, గుండె దడ, ఇలాంటివేవైనా ఉంటే టీబీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. గవర్నమెంట్ దవాఖానలో టీబీ పరీక్ష, మందులు ఉచితం. రిపోర్టులు వచ్చాకే జిమ్‌కు రండి. అప్పటిదాకా నేను ఫీజు తీసుకోను.