కోటికి వేస్తే పది లక్షలైనా రావా? నష్టపరిహారం దావాల మీద అపోహలు, వాస్తవాలు

"కోటికి వేద్దాం సార్, పది లక్షలకైనా దిగిరారా?" నెల్లూరులో నా లాయరు ఆఫీసు మెట్లెక్కేవాళ్ళ నోట ఈ మాట విని విని విసుగొచ్చింది. దావా అంటే చేపల మార్కెట్లో బేరం కాదు. ఎంత అడిగితే అంత మీద కోర్టు ఫీజు ముందే కట్టాలి. పది లక్షలకే డిక్రీ వస్తే ఖర్చులు కూడా ఆ మేరకే వస్తాయి, మిగతా తొంభై లక్షల మీద కట్టిన ఫీజుకు నీళ్ళొదులుకోవడమే.

వాట్సాప్‌లో తిరిగే అమెరికా కాఫీ కథ ఒకటి, వేడి కాఫీ ఒలికి కాలిన ఆవిడకు కోట్లు వచ్చిపడ్డాయని. 1994లో అక్కడి జ్యూరీ మెక్‌డొనాల్డ్స్‌కు శిక్ష కింద 27 లక్షల డాలర్లు వేసిన మాట నిజమే, జడ్జి దాన్ని 4 లక్షల 80 వేలకు కోసేసిన సంగతి మాత్రం మెసేజ్‌లో ఉండదు. 2003లో స్టేట్ ఫార్మ్ అనే బీమా కంపెనీ కేసులో ఆ దేశ సుప్రీంకోర్టే శిక్ష సొమ్ము అసలు నష్టానికి తొమ్మిది రెట్లు మించితే నిలబడటం కష్టమని చెప్పింది. మనకు జ్యూరీయే లేదు. ఒప్పందం తప్పిన కేసుల్లో కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం జరిగిన నష్టమే ఇస్తారు, ఎదుటివాడికి బుద్ధి చెప్పడానికి కాదు.

ఇందుకూరుపేట వైపు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చాడు. కొత్తగా కొన్న ఏరేటర్లు (గుంట నీళ్ళకు గాలి అందించే యంత్రాలు) ఒకే రాత్రి ఆగిపోయి, తెల్లారేసరికి గుంట నిండా రొయ్యలు తేలాయి. ఎవరో కోటికి వేయమంటే, కోర్టు ఫీజు కోసం ఇంట్లో గాజులు తాకట్టు పెట్టేదాకా వచ్చాడు. బిల్లులేవన్నా అంటే క్యారీబ్యాగ్ విప్పాడు. మేత బిల్లుల్లో సగం తడిసి అతుక్కుపోయాయి, ఏరేటర్ల బిల్లు థర్మల్ కాగితం, అక్షరాలు వెలిసి తెల్లగా ఉంది. సీడ్‌కు (రొయ్య పిల్లలకు) బిల్లే లేదు, నోటిమాట. నిద్ర లేక ఎర్రబడ్డ ఆ కళ్ళు చూసి కోప్పడలేకపోయాను. రెండో పంట లాభం పక్కన పెట్టి, రుజువు చేయగలిగిన పదకొండు లక్షలకే వేశాం. ఇంకా నడుస్తోంది.

మిగతావి గబగబా చెప్తాను. అగ్రిమెంట్లో "మాట తప్పితే అడ్వాన్సుకు రెట్టింపు" అని రాసుకుంటే రెట్టింపు వచ్చేస్తుందని కాదు, 74వ సెక్షన్ కింద అది గరిష్ఠ హద్దు, అందులో న్యాయమనిపించినంతే ఇస్తారు. దొంగ దావా వేసినవాడి నుంచి అదే కేసులో లక్షలు రాబట్టొచ్చని ఆశ పెట్టుకోకండి, మామూలు దావాల్లో సివిల్ ప్రొసీజర్ కోడ్ 35ఎ సెక్షన్ కింద హద్దు మూడు వేలు. వినియోగదారుల కమిషన్ ప్యునిటివ్ డ్యామేజెస్ (బుద్ధి చెప్పడానికి వేసే పరిహారం) వేయగలదు, కానీ ఫిర్యాదులో అడగాలి. అడగని 25 లక్షలు ఇచ్చారని 2014లో జనరల్ మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. వినియోగదారుల కమిషన్లో ఫీజు మీరు కట్టిన ధరను బట్టి ఉంటుంది, ఐదు లక్షల దాకా అసలు లేదు.

థర్మల్ బిల్లులు ఇవాళే జిరాక్స్ తీయించుకోండి. ఆ రైతు ఇప్పుడు మేత కొన్న రోజే తీయిస్తున్నాడు.