గ్యోంగ్‌బోక్‌గుంగ్ ప్యాలెస్: అపోహలు - వాస్తవాలు

సియోల్‌లో మనవాళ్లకి పాత రాజభవనాలు దగ్గరుండి చూపించడం నా పని. గ్యోంగ్‌బోక్‌గుంగ్ గురించి రెండు మాటలు ఎప్పుడూ వింటుంటాను. "ఆరొందల ఏళ్ల నాటి భవనం" అని కొందరు, "అంతా ఈమధ్య కట్టిందేనట, సినిమా సెట్ లాంటిదే" అని ఇంకొందరు. రెండూ తప్పే.

అపోహ: ఇప్పుడు కనిపించేది 600 ఏళ్ల నాటి కట్టడం.

స్థలం అంత పాతదే. కొరియాను ఏలిన జోసన్ రాజ్యాన్ని స్థాపించిన రాజు తేజో 1395లో ఇక్కడ మొదటి ప్యాలెస్ కట్టించాడు, 1592లో జపాన్ దండయాత్ర సమయంలో అది కాలిపోయింది, ఆ తర్వాత 270 ఏళ్లకు పైగా ఆ చోటు పాడుబడే ఉంది. 1865లో, చిన్నవాడైన రాజు గోజోంగ్ తరఫున తండ్రి హంగ్‌సన్ దేవాన్‌గున్ పెత్తనం చేస్తున్నప్పుడు, మళ్లీ కట్టడం మొదలైంది. ఖజానాలో అంత డబ్బు లేదు. విరాళాల పేరుతో జనం దగ్గర వసూలు చేశారు, అదీ చాలక 1866లో మామూలు నాణేనికి వంద రెట్లు విలువ అని చెప్పి కొత్త నాణెం వదిలారు. అందులో ఉన్న లోహం ఆ విలువకు దరిదాపుల్లో కూడా లేదు, ధరలు మండిపోయాయి. సింహాసన మండపం ముందు నిలబడినప్పుడు ఈ సంగతి చెప్పకుండా నేను ఎవరినీ ముందుకు తీసుకెళ్లను, ఎందుకంటే ఆ భారం మోసింది మామూలు జనమే.

అపోహ: జోసన్ రాజులందరూ ఇక్కడే ఉండి పాలించారు.

లేదు. కొరియా భాషకు హంగుల్ లిపిని ఇచ్చిన రాజు సెజోంగ్ ఇక్కడున్నాడు, నిజమే. కానీ 1592 తర్వాత రాజులు ఎక్కువకాలం ఉన్నది సియోల్‌లోనే ఉన్న మరో ప్యాలెస్ చాంగ్‌డోక్‌గుంగ్‌లో. కొరియా టీవీ డ్రామాల్లో ఏ కాలం కథైనా ఇక్కడే జరిగినట్టు అనిపిస్తుంది, అంతే.

అపోహ: 1592లో తగలబెట్టింది జపాన్ సైన్యమే.

ఇది ఎవరూ తేల్చి చెప్పలేని విషయం. రాజు నగరం వదిలి పారిపోయాడన్న కోపంతో జనమే నిప్పు పెట్టారని కొరియా వైపు రాతలు చెబుతాయి. తాము వచ్చేసరికి భవనాలు ఇంకా నిలిచే ఉన్నాయని జపాన్ వైపు రాతలు కొన్ని ఉన్నాయి. గైడ్లు ఒకే వైపు చెప్పేయడం నాకు నచ్చదు.

అపోహ: అంతా కొత్తదే, చూడటానికి ఏముంది?

నాకు బాగా బాధ కలిగించే మాట ఇది. సింహాసన మండపం గున్‌జోంగ్‌జోన్, చెరువులో 48 రాతి స్తంభాల మీద నిలబడ్డ విందుల మండపం గ్యోంగ్‌హోరు, రెండూ 1867 నాటివి. మిగతావి ఎందుకు పోయాయో తెలిస్తేనే కొత్తవాటి విలువ అర్థమవుతుంది. 1915లో, అప్పుడు కొరియాను ఏలుతున్న జపాన్ పాలకులు ఇక్కడ ఎగ్జిబిషన్ పెట్టడానికి చాలా భవనాలు కూల్చారు, 1926 నాటికి మండపానికి అడ్డంగా తమ గవర్నర్ జనరల్ భవనం లేపారు, ముఖద్వారం గ్వాంగ్‌హ్వామున్‌ని పక్కకు తరలించారు. ఆ ద్వారం కొరియా యుద్ధంలో కాలింది, 1968లో కాంక్రీటుతో కట్టారు, 2010లో చెక్కతో అసలు చోట నిలబెట్టారు. గవర్నర్ జనరల్ భవనాన్ని 1995లో కూల్చడం మొదలుపెట్టారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1917లో చాంగ్‌డోక్‌గుంగ్‌లో రాజకుటుంబం ఉండే భవనాలు కాలిపోతే, ఇక్కడి రాజు, రాణి పడక భవనాలను విప్పి ఆ కలపతో అక్కడ కట్టారు. అంటే ఇక్కడి రాజు పడక భవనం 1990లలో కట్టింది, దాని పాత కలప చూడాలంటే చాంగ్‌డోక్‌గుంగ్‌లోని హిజోంగ్‌డాంగ్‌కి వెళ్లాలి. రెండు ప్యాలెస్‌లూ చూడమని నేను పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: అయోధ్య నుంచి వచ్చిన రాణి ఈ ప్యాలెస్‌లోనే ఉండేది.

మనవాళ్లు తప్పక అడుగుతారు. అయోధ్య నుంచి వచ్చిందని చెప్పే ఆ రాణి హో హ్వాంగ్‌ఓక్ కథ కొరియాలోని పాత గయా రాజ్యానిది, జోసన్ కంటే వెయ్యేళ్లకు పైగా ముందుది. ఆమెదని చెప్పే సమాధి బుసాన్ దగ్గర గిమ్‌హేలో ఉంది.

అపోహ: కరెంటు, ఆధునిక సౌకర్యాలు జపాన్ పాలనలోనే వచ్చాయి.

1887లోనే గోజోంగ్ ఈ ప్యాలెస్‌లో విద్యుత్ దీపాలు వెలిగించాడు. వెనక వైపు రాజు, రాణి ఉన్న నివాసం గన్‌చోంగ్‌గుంగ్ దగ్గర ఆ సంగతి చెబుతాను. 1895 అక్టోబరులో జపాన్ వాళ్లు గోజోంగ్ రాణిని చంపింది కూడా అక్కడే. చాలామంది అంత దూరం నడవరు, దయచేసి నడవండి.

వచ్చేముందు అది ఏ వారమో చూసుకోండి: గ్యోంగ్‌బోక్‌గుంగ్‌కి మంగళవారం సెలవు, చాంగ్‌డోక్‌గుంగ్‌కి సోమవారం. కొరియా సంప్రదాయ దుస్తులైన హన్‌బోక్ వేసుకుంటే టికెట్ అక్కర్లేదు.