కురుంది కొండ గొడవ మొదలైంది 2021లో కాదు, 1984లో

శ్రీలంక ఉత్తరాన ముల్లైత్తీవు జిల్లాలో తణ్ణిమురిప్పు అనే పాత చెరువు ఉంది. దాని దగ్గరే ఓ చిన్న కొండ, కొండ మీద ఇటుక స్తూపం. పౌర్ణమి వస్తే దక్షిణాది జిల్లాల నుంచి సింహళ భక్తులు బస్సుల్లో వస్తారు. చెరువు చూసి, స్తూపానికి మొక్కి, సాయంత్రానికి తిరిగి వెళ్లిపోతారు. వాళ్లకిది కురుంది విహారం. చుట్టుపక్కల ఊళ్ల తమిళులకు కురుందూర్‌మలై. ఈ పేరు వార్తల్లోకి ఎక్కిన ప్రతిసారీ టీవీ చర్చలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి: ఈ కొండ బౌద్ధులదా, శైవులదా?

ప్రాచీన కాలంలో ఇక్కడ బౌద్ధ విహారం ఉండేదన్న దాని మీద పెద్ద పేచీ లేదు. లంక రాజుల చరిత్ర చెప్పే పాత పాళి గ్రంథం మహావంశం కురుందవాసోక విహారాన్ని ప్రస్తావిస్తుంది. ఆరో శతాబ్దం చివర్లో ఏలిన మొదటి అగ్గబోధి ఇక్కడ విహారం కట్టించి, పెద్ద చెరువు తవ్వించి, మూడు యోజనాల మేర కొబ్బరితోట వేయించాడని దాని కొనసాగింపు గ్రంథం చూళవంశం చెబుతుంది. ఆ చెరువే నేటి తణ్ణిమురిప్పు అని పండితులు గుర్తించారు. బౌద్ధ గ్రంథాలకు పాళిలో వ్యాఖ్యలు రాసిన బుద్ధఘోషుడు తన వ్యాఖ్యలకు ఆధారం చేసుకున్న పాత గ్రంథాల్లో ‘కురుందీ’ ఒకటి, అది ఈ విహారంలోనే పుట్టిందంటారు. ఆ జాబితాలోనే ‘అంధక అట్ఠకథ’ కూడా ఉంది. అది మన ఆంధ్ర దేశపు బౌద్ధులది. అప్పట్లో లంకకూ కృష్ణా లోయకూ రాకపోకలు అంత ఉండేవి. నాగార్జునకొండలో సింహళ విహారమే ఉండేది. దక్షిణ భారతంలో, లంకలో తమిళ బౌద్ధులూ ఉండేవారు కాబట్టి స్తూపం దొరికినంత మాత్రాన అది సింహళులదే అయిపోదని తమిళ చరిత్రకారులు వాదిస్తారు. 2021 తవ్వకాల్లో దొరికిన పలకల రాయిని వాళ్లు శివలింగం అన్నారు, పురావస్తు శాఖ వైపు వాళ్లు స్తూప శిఖర భాగం అన్నారు. ఆ వాదం ఎటు తేలినా, కొండ కింది పొలం ఎవరు దున్నాలన్నది దాంతో తేలదు.

బ్రిటిష్ ప్రభుత్వం 1933లో ఈ శిథిలాలను పురావస్తు స్థలంగా గెజిట్‌లో ప్రకటించింది. విస్తీర్ణం 78 ఎకరాలు. ఆ తర్వాత కూడా చుట్టుపక్కల జనం చెరువు నీళ్లతో వరి పండించుకున్నారు, కొండ మీద ఆది అయ్యనార్‌కు పొంగళ్లు పెట్టుకున్నారు. ఉత్తర లంకలోని ఈ వన్ని ప్రాంతంలో అయ్యనార్ చెరువు కాపరి, మన కట్టమైసమ్మ లాగా. శిథిలాలు, అయ్యనార్ శూలం, పొలం ఒకదాని పక్కన ఒకటి ఉండేవి. గొడవ లేదు.

అసలు మలుపు 1984 చివర్లో వచ్చింది. ఈ కొండకు దక్షిణాన కెంట్, డాలర్ ఫార్మ్‌లనే రెండు వ్యవసాయ క్షేత్రాలుండేవి. అల్లర్లకు తట్టుకోలేక తేయాకు తోటల ప్రాంతం నుంచి వచ్చిన తమిళులు అక్కడ తలదాచుకున్నారు. ప్రభుత్వం వాళ్లను వెళ్లగొట్టి, సింహళ ఖైదీలను కుటుంబాలతో సహా దించింది. నవంబర్ 30న తమిళ పులులు (ఎల్‌టీటీఈ) ఆ క్షేత్రాల మీద పడి 60 మందికి పైగా చంపారు. చనిపోయిన వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. ఒకటి రెండు రోజులు తిరక్కుండానే ఒదియమలైలో తమిళ మగవాళ్లను సైన్యం పోగుచేసి కాల్చింది. డిసెంబర్‌లో కొక్కిళాయ్, కొక్కుతొడువాయ్, తణ్ణిమురిప్పు ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. జనం కట్టుబట్టలతో పోయారు. దక్షిణాన మణలారు ప్రాంతాన్ని 1988లో వెలిఓయగా మార్చి, నీళ్లిచ్చి జనాన్ని స్థిరపరిచే ప్రభుత్వ మహావేలి పథకం కిందకు తెచ్చారు. సింహళ కాలనీలు వెలిశాయి.

యుద్ధం 2009లో ముగిసింది. పాతికేళ్ల తర్వాత తిరిగొచ్చిన రైతులకు పొలంలో అడవి పెరిగి కనిపించింది. ఇది రిజర్వ్ ఫారెస్ట్ అని అటవీ శాఖ అంది. ఇందులో పురాతన అవశేషాలున్నాయని పురావస్తు శాఖ సరిహద్దు రాళ్లు పాతింది. వదిలేసి వెళ్లిన వాడి చేతిలో కాగితం ఉన్నా, సాగు చేసిన ఆనవాలు నేల మీద మిగల్లేదు. ఖాళీ నేలకు ఎవరైనా హక్కుదారులే కదా!

తర్వాతివన్నీ దాని పర్యవసానాలే. 2018లో భిక్షువులు విగ్రహం పెట్టబోతే స్థానికులు అడ్డుకున్నారు, కోర్టు ఆపింది. 2021 జనవరిలో ఒక సహాయ మంత్రి సైన్యాన్ని వెంటబెట్టుకొని వచ్చి తవ్వకాలు ప్రారంభించారు. అయ్యనార్ శూలం అప్పుడే మాయమైందని ఊళ్లో వాళ్లు చెబుతారు. కొత్త నిర్మాణాలు వద్దని 2022లో ముల్లైత్తీవు కోర్టు చెప్పినా స్తూపం పని సాగింది. 2023 జులైలో పొంగలి పొయ్యిని పోలీసులు ఆర్పేశారు. ఆగస్టులో అనుమతి దొరికింది గానీ, నేల మీద నేరుగా మంట పెట్టకూడదని షరతు. కింద బండ, దాని మీద రేకు పరచుకుని వండుకోవాలన్నారు. సెప్టెంబర్‌లో, ఈ కేసు విన్న మేజిస్ట్రేట్ శరవణరాజా ప్రాణభయం ఉందని రాజీనామా చేసి దేశం విడిచారు. బెదిరింపులేమీ లేవన్నది ప్రభుత్వ పక్షం మాట.

ఎకరాల సంగతి మాత్రం ఒకసారి నేరుగా చర్చకు వచ్చింది. 2023 జూన్‌లో అప్పటి అధ్యక్షుడు రణిల్ విక్రమసింఘే తమిళ ఎంపీల ముందే పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌ను నిలదీశారు. గెజిట్‌లో 78 ఎకరాలుంటే రెండొందలకు పైగా ఎకరాలు ఎందుకు కావాలంటున్నారు, ఈ విహారం పాత రాజధాని అనురాధపురంలోని మహావిహారం కన్నా పెద్దదా అని. కొద్ది రోజుల్లో ఆ అధికారి అనుర మనతుంగ రాజీనామా చేశారు. ఆ తర్వాత అధ్యక్షుడు మారారు, ప్రభుత్వం మారింది. 2025 మేలో అదే కొండ దగ్గర పొలం దున్నుతున్న తమిళ రైతులను పోలీసులు అరెస్టు చేశారు. మోపిన నేరం, పురావస్తు శాఖ గుర్తించిన స్థలంలో సాగు.