దిబ్బను ఊళ్లోకి తెచ్చుకున్నారు

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో బ్రెస్సే ఒకటి. 2011 జనగణన నాటికి అక్కడ నాలుగు వందల మంది కూడా లేరు. ఆ కొద్దిమందిలోంచే ఏర్పడిన చరిత్ర బృందం 2008లో పెద్ద పనికే పూనుకుంది. సముద్రం కోసేస్తున్న ఒడ్డు మీద మూడు వేల ఏళ్లకు పైబడిన ఒక కట్టడం ఉంది. పురావస్తు నిపుణుల సాయంతో దాన్ని రాయి రాయిగా విప్పి, తమ హెరిటేజ్ సెంటర్ దగ్గరికి చేర్చి మళ్లీ పేర్చారు.

దాని పేరు క్రూస్టర్. పైకి చూస్తే కాలి పగిలిన రాళ్ల దిబ్బ, అంతే. బ్రిటన్, ఐర్లండ్‌లలో ఇలాంటివి వేలల్లో ఉన్నాయి, చాలావరకు కంచుయుగం నాటివి. రాళ్లను నిప్పులో బాగా కాల్చి నీళ్ల తొట్టిలో వేసేవారు, నీళ్లు మరిగేవి. పగిలిన రాళ్లను పక్కన పారేస్తూ పోతే దిబ్బ పెరిగేది. క్రూస్టర్ దిబ్బ లోపల పొయ్యి, రాతిపలకల తొట్టి, చిన్న చిన్న గదులు బయటపడ్డాయి. ఇంతకీ అన్ని వేడినీళ్లు ఎందుకు? వంటకా, స్నానానికా, ఆవిరి పట్టడానికా, తోళ్లు శుభ్రం చేయడానికా? వాదన ఇంకా తెగలేదు. 1950ల్లో ఐర్లండ్‌లో ఇలాంటి తొట్టిలో కాల్చిన రాళ్లు వేసి చూస్తే, 450 లీటర్ల నీళ్లు అరగంట, ముప్పావుగంటలో మరిగాయి. మాంసం కూడా చక్కగా ఉడికింది. అయితే ఉడికించవచ్చని తేలిందే గానీ, ఉడికించారని కాదు.

ఒడ్డు కోతకు తుపాన్లొక్కటే కారణం కాదు. మంచుయుగం ముగిశాక, మంచు బరువు దిగిన స్కాట్లాండ్ నడిమి నేల పైకి లేస్తూ వచ్చింది. అంచున ఉన్న షెట్లాండ్‌కు ఆ అదృష్టం లేదు. అక్కడ వేల ఏళ్లుగా సముద్రానిదే పైచేయి. అక్కడి వాల్సే దీవి దగ్గర ఒకప్పుడు నేల మీద ఏర్పడిన పీట్ (చిత్తడి నేలలో మొక్కలు సగం కుళ్లి పేరుకున్న మట్టి) పొర ఇప్పుడు నీటికి సుమారు 9 మీటర్ల అడుగున ఉంది.

కట్టడాన్ని కదిలిస్తే దానికీ చోటుకీ ఉన్న సంబంధం తెగిపోతుందని అభ్యంతరం చెప్పవచ్చు. న్యాయమే. ఒడ్డు ఎటు, గాలి ఎటు, మంచినీళ్లు ఎంత దూరం అన్నవి కూడా ఆధారాలే. కానీ క్రూస్టర్ విషయంలో ఆ చోటే మిగిలేలా లేదు. పైగా ఆ రాళ్లను చేత్తో మోసినవాళ్లకు, ఏ పలక ఎందుకు అక్కడుందో బోర్డు చదివిన టూరిస్టు కంటే బాగా తెలుస్తుందని నా నమ్మకం. 2014లో షెట్లాండ్‌కు పొరుగునున్న ఆర్క్‌నీ దీవుల్లోని శాండేవాళ్లు మ్యూర్ అనే దిబ్బలోని కట్టడాన్ని ఇలాగే తరలించారు.

అన్నిటినీ మోసుకురావడం కుదరదు. స్కాట్లాండ్ తీరరేఖ, దీవులతో కలిపి, 18,000 కిలోమీటర్ల పైమాటే. అందుకే 2012 నుంచి 2016 వరకు సాగిన ఒక ప్రాజెక్టులో మామూలు జనమే ఫోన్ యాప్‌తో తీరం వెంట తిరిగారు. ఏ గోడ కూలింది, ఏ గవ్వల దిబ్బ కొత్తగా బయటపడింది అని ఫొటోలతో నమోదు చేశారు. ముందు ఎక్కడ తవ్వాలో, దేన్ని వదిలేయక తప్పదో నిర్ణయించడానికి ఆ వివరాలు పనికొచ్చాయి.