రోడ్డు మీద ఎవరి తప్పు? మృతుల లెక్క వెనక యాభై ఏళ్ల కథ

2023లో దేశంలో 4,80,583 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,72,890 మంది చనిపోయారు, 4,62,825 మంది గాయపడ్డారు. ఇది కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. మరుసటి ఏడాది మృతులు 1.77 లక్షలు దాటారు. అంటే రోజుకు 480 మందికి పైనే. ఈ అంకెలు ఏటా ఓసారి పత్రికల్లోకి వస్తాయి, రెండు రోజులు ఉండి పోతాయి. వాటి పక్కన ‘ప్రమాద కారణం’ అని ఇంకో గడి ఉంటుంది. 2022 నివేదికలో ఆ గడి ప్రకారం 71 శాతం మరణాలకు కారణం అతివేగం. మృతుల సంఖ్య ఎందుకు తగ్గడం లేదో తెలియాలంటే, ముందు ఈ గడి ఎలా నిండుతుందో చూడాలి.

దాన్ని నింపేది పోలీస్ స్టేషన్‌లో. ప్రమాదం జరిగితే ఎఫ్‌ఐఆర్ కట్టాలి, ఎఫ్‌ఐఆర్‌కు ఒక సెక్షన్ కావాలి, ఆ సెక్షన్‌కు ఒక నిందితుడు కావాలి. 1860 నాటి శిక్షాస్మృతిలోని 279, దానికి 1870లో చేర్చిన 304ఎ సెక్షన్లు ఆ పని చేస్తూ వచ్చాయి. మొదటిది అతివేగంగా, నిర్లక్ష్యంగా బండి తోలినందుకు, రెండోది నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు. 304ఎ వచ్చేనాటికి దేశంలో మోటారు కారే లేదు. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో నంబర్లు మారాయి, వరస మారలేదు. మలుపు దగ్గర బోర్డు లేదనో, డివైడర్ చివర కాంక్రీటు దిమ్మె ఉందనో, వీధిదీపం వెలగలేదనో కేసు కట్టడం కష్టం. డ్రైవర్ మీద కట్టడం సులువు. గుద్దుకున్న రెండింటిలో పెద్ద బండి డ్రైవర్ మీద కట్టడం ఇంకా సులువు. అలా కట్టిన కేసులన్నీ కూడితే ‘అతివేగం’ అనే జాతీయ గణాంకం తయారవుతుంది. వేగం చంపదని కాదు, చంపుతుంది. ఆ వేగానికి వీలిచ్చిందెవరన్న ప్రశ్నకు మాత్రం ఆ ఫారంలో చోటు ఉండేది కాదు.

1951లో దేశమంతా కలిపి రిజిస్టరైన మోటారు వాహనాలు మూడు లక్షలు. 1970 నాటికి అవి 14 లక్షలయ్యాయి. ఆ ఏడాది 1,14,100 ప్రమాదాల్లో 14,500 మంది పోయారు. 1990లో మృతులు 54 వేలు, 2000లో 78,911, 2010లో 1,34,513. బండ్లు పెరిగాయి కాబట్టి చావులూ పెరిగాయని సరిపెట్టుకోవచ్చు, కానీ లోపల ఇంకో సంగతి ఉంది. 1970లో నూరు ప్రమాదాలకు సుమారు 13 మంది చనిపోయేవారు. 2010లో 27 మంది, 2023లో 36 మంది. 2010తో పోలిస్తే 2023లో నమోదైన ప్రమాదాలు 19 వేలు తక్కువ, మరణాలు 38 వేలు ఎక్కువ. చిన్నాచితకా ప్రమాదాలు స్టేషన్ దాకా రాకపోవడం దీనికి కొంత కారణం కావచ్చు. ఎంత తీసేసినా మిగిలేది ఇదే: గుద్దితే బతికి బయటపడే వీలు తగ్గిపోయింది.

ఆ మార్పు జరిగిన చోటు రహదారి. మోటారు వాహనాల చట్టాలు 1914లో, 1939లో, 1988లో వచ్చాయి. మూడూ లైసెన్సు, రిజిస్ట్రేషన్, జరిమానాల చుట్టూ తిరిగినవే. రోడ్డు ఎలా కట్టాలన్నది వేరే శాఖల, వేరే మాన్యువళ్ల వ్యవహారం. ఈ రెండూ ఎదురుపడకుండానే 1990ల చివర్లో స్వర్ణ చతుర్భుజి మొదలైంది. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలుపుతూ 5,846 కిలోమీటర్ల నాలుగు వరసల రోడ్డు. దాని తర్వాత మిగతావి. తెలుగు ప్రాంతాల్లో ఈ రోడ్లు చాలాచోట్ల ఊళ్ల మధ్య నుంచే పోయాయి. ఊరు ఒక పక్క, పొలం ఇంకో పక్క. బడి ఇటు, బస్టాపు అటు. అండర్‌పాస్ ఊరి చివర ఎక్కడో ఉంటుంది, యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల. పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్ అంత దూరం వెళ్లి తిరిగి రాదు, రాంగ్ రూట్‌లో వస్తుంది. డివైడర్‌లో నాలుగు రాళ్లు తీసి ఊరివాళ్లే దారి చేసుకుంటారు. అక్కడ ప్రమాదం జరిగితే రికార్డుల్లోకి ఎక్కేది ‘రాంగ్ సైడ్ డ్రైవింగ్’. సర్వీస్ రోడ్డు లేదన్న మాట ఎక్కదు.

2022లో జాతీయ రహదారుల మీద 61,038 మంది, రాష్ట్ర రహదారుల మీద 41,012 మంది చనిపోయారు. ఈ రెండు రకాలూ కలిపి దేశంలోని రోడ్ల పొడవులో సుమారు 5 శాతం. మరణాల్లో మాత్రం 60 శాతం. పోయినవాళ్లలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు, 32,825 మంది పాదచారులు. ఈ రెండే మొత్తంలో 64 శాతం. ఆ ఏడాది సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించాక వెనక సీటు బెల్టు, ఆరు ఎయిర్‌బ్యాగుల మీద నెలల తరబడి చర్చ నడిచింది. అవసరమైన చర్చే. నడిచి పోయేవాళ్ల గురించి మాత్రం అంత చర్చ ఎప్పుడూ జరగలేదు.

హెల్మెట్ సంగతిలో హైదరాబాద్‌కు ఒక చరిత్ర ఉంది. 1986లో నగర పోలీస్ కమిషనర్ జంటనగరాల్లో స్కూటర్, మోటార్‌సైకిల్ తోలేవారికి హెల్మెట్ తప్పనిసరి చేస్తే, స్వేచ్ఛగా తిరిగే ప్రాథమిక హక్కుకు అడ్డమంటూ ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1988లో కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఆ తీర్పు వచ్చిన 34 ఏళ్లకు, 2022లో, హెల్మెట్ లేకుండా దేశంలో చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14 వేల మందికి పైగా బండి వెనక కూర్చున్నవాళ్లు.

సంస్థలు కట్టే కథ ఇంకా నిదానంగా నడిచింది. 2007లో ఎస్.సుందర్ కమిటీ ప్రత్యేక చట్టంతో జాతీయ రోడ్డు భద్రతా బోర్డు పెట్టమంది. 2010లో విధానపత్రం వచ్చింది, బోర్డు బిల్లు మురిగిపోయింది. 2012లో కోయంబత్తూరు ఎముకల వైద్యుడు ఎస్.రాజశేఖరన్ సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌తో కథ కొంచెం కదిలింది. విరిగిన ఎముకలు అతికించే మనిషి, అవి విరగకుండా చూడమని కోర్టుకెక్కాడు. 2014 ఏప్రిల్‌లో జస్టిస్ కె.ఎస్.రాధాకృష్ణన్ కమిటీ ఏర్పడింది. రాష్ట్రాల్లో రోడ్డు భద్రత పని చూసే లీడ్ ఏజెన్సీలు, జిల్లా కమిటీలు, బ్లాక్‌స్పాట్‌లను సరిచేసే పనులు ఆ దారినే వచ్చాయి. అరకిలోమీటరు నిడివిలో మూడేళ్లలో చావులో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరిగినా, పదిమంది చనిపోయినా అది జాతీయ రహదారి మీద బ్లాక్‌స్పాట్. అంటే లెక్కలోకి రావాలంటే ముందు అంతమంది పోవాలి. 2013 నుంచి 2017 దాకా గుంతల వల్లే 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి, సరిహద్దులో పోయేవారి కంటే ఇది ఎక్కువని కోర్టు 2018లో మండిపడింది.

2014 జూన్ 3న ఢిల్లీ కూడలిలో కారు ప్రమాదంలో కేంద్రమంత్రి గోపీనాథ్ ముండే మరణించారు. కొత్త చట్టం వెంటనే తెస్తామన్నారు. అది ముసాయిదాలు మారి, లోక్‌సభ దాటి, రాజ్యసభలో చిక్కుకుని, చివరకు 2019లో సవరణ చట్టంగా బయటపడింది. రోడ్డు తప్పుగా కట్టిన కాంట్రాక్టర్‌నూ అధికారినీ బాధ్యులను చేసే 198ఎ సెక్షన్ అందులో మొదటిసారి వచ్చింది. శిక్ష లక్ష రూపాయలకు మించని జరిమానా. అదే చట్టంలో మైనరుకు బండి ఇచ్చిన తండ్రికి మూడేళ్ల జైలు, 25 వేల జరిమానా. ఏ తప్పును ఎంత పెద్దదిగా చూశారో ఈ రెండూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. డ్రైవర్ల మీద పెంచిన జరిమానాలను కూడా గుజరాత్ తగ్గించుకుంది, తెలంగాణ అమలే చేయలేదు. పైగా హైదరాబాద్‌లో పేరుకుపోయిన చలానాలను 2022లో ఒకసారి, 2023 చివర్లో ఇంకోసారి భారీ రాయితీతో కట్టించుకున్నారు. చీరల దుకాణంలో ఆషాఢం లాగా చలానాలకూ సీజన్ వచ్చింది.

ఇక లెక్కల నిజానిజాలు. తమిళనాడులో 2016లో 17,218గా ఉన్న మృతులు 2018లో 12,216కు, 2019లో 10,525కు దిగినట్టు నివేదికలు వచ్చాయి. మిగతా రాష్ట్రాలు నేర్చుకోవాల్సిన నమూనా అని దేశమంతా చెప్పుకున్నారు. తర్వాత ఆ అంకెలను సవరించారు, రెండేళ్లూ 18 వేలు దాటాయి. దాంతో దేశం మొత్తం లెక్క కూడా మారింది. 2019లో 1,51,113 అనుకున్నది 1,58,984 అయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలు ఇంతకంటే పైనే ఉంటాయి. 2016కు ప్రభుత్వం 1,50,785 అంటే ఆ సంస్థ 2.99 లక్షలంది. గాయాల లెక్క మరీ బలహీనం. కేసు లేకుండా ఆసుపత్రిలో చేరి, కాలో చేయో పోగొట్టుకుని ఇంటికెళ్లినవాళ్లు ఏ పట్టికలోనూ కనబడరు.

ప్రమాదం జరిగాక ప్రాణం నిలిపే విషయంలో మాత్రం కొంత మెరుగు కనిపిస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ తర్వాత చాలా రాష్ట్రాలకు పాకింది. సాయం చేసినవారిని పోలీసులు వేధించరాదన్న మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలమిచ్చింది. లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స పథకం 2025 మేలో వచ్చింది. 2019 చట్టంలోనే ఉన్న ఈ మాట అమలుకు రావడానికి కోర్టు గట్టిగా అడగాల్సి వచ్చింది.

హైదరాబాద్–బెంగళూరు దారిని చూస్తే ఈ చరిత్ర అంతా ఒకే రోడ్డు మీద కనిపిస్తుంది. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర ప్రైవేటు బస్సు కల్వర్టును ఢీకొని తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మరో ప్రైవేటు బస్సు, అప్పటికే ప్రమాదమై రోడ్డు మీద పడి ఉన్న మోటార్‌సైకిల్‌ను ఈడ్చుకుపోయి తగలబడింది. 19 మంది ప్రయాణికులు, అంతకుముందే పడిపోయిన ఆ బైకు నడిపిన వ్యక్తి చనిపోయారు. రెండుసార్లూ తర్వాతి వారాల్లో రవాణా శాఖ బస్సులను ఆపి తనిఖీలు చేసింది, కేసులు రాసింది. మధ్యలో 2024 జనవరిలో, గుద్ది పారిపోతే పదేళ్ల జైలు అన్న కొత్త సెక్షన్ మీద లారీ డ్రైవర్లు సమ్మె చేశారు. హైదరాబాద్ పెట్రోల్ బంకుల దగ్గర కిలోమీటర్ల బారులు తీరాయి. ఆ సెక్షన్ అప్పటికి పక్కకు పోయింది.

2024 నాటికి మరణాలను సగానికి తగ్గిస్తామన్న మంత్రి నితిన్ గడ్కరీ, ఆ ఏడాది డిసెంబరులో లోక్‌సభలోనే అది సాధ్యం కాలేదని, అంతర్జాతీయ సమావేశాల్లో ఈ విషయం వస్తే మొహం దాచుకోవాల్సి వస్తోందని అన్నారు. ఇప్పుడు గడువు 2030. ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న లక్ష్యమూ అదే. 2021 అంకెలో సగమంటే సుమారు 77 వేలు. 2000లో ఉన్న 78,911 కంటే తక్కువ. అప్పుడు దేశంలో వాహనాలు ఐదు కోట్లలోపు, ఇప్పుడు 30 కోట్లు దాటాయి.